డేట్ దాటిపోయింది, నొప్పుల జాడ లేదు: ఇప్పుడేం జరుగుతుంది?

పేరుకు డ్యూ డేట్ గానీ, సరిగ్గా ఆ రోజునే పుట్టే పిల్లలు నూటికి నలుగురైదుగురికి మించరు. మిగతావాళ్లంతా ముందో వెనకో వస్తారు. అయినా నెలల తరబడి ఆ ఒక్క తారీఖు మీదే చూపు నిలిపి రోజులు లెక్కపెట్టుకోవడం వల్ల, అది దాటగానే ఏదో తేడా జరిగినట్టే అనిపిస్తుంది. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "ఇంకా కాలేదా?" అని అడుగుతారు. "ఏం ఫర్వాలేదు, దానంతటదే వస్తుంది, ఆగండి" అని ఒకరంటే, "ఇంకా ఆగితే బిడ్డకు ప్రమాదం, వెంటనే ఆపరేషన్ చేయించుకోండి" అని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఏది ఎప్పుడు నిజమో తేల్చేది వారాలు. ఆ వారాల లెక్క ఎంత గట్టిదన్నది అంతకన్నా ముఖ్యం.

అసలు ఆ తారీఖు ఎక్కడి నుంచి వచ్చింది?

చివరి నెలసరి మొదటి రోజుకు 280 రోజులు, అంటే 40 వారాలు కలిపితే వచ్చేది డ్యూ డేట్. నెలసరి మొదలైన రోజుకు ఏడు రోజులు కలిపి, మూడు నెలలు వెనక్కి వెళ్లి, తర్వాతి ఏడాదిలో ఆ తారీఖు చూసుకోమనే సూత్రం 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు ఫ్రాంజ్ నేగెలె పేరు మీద నడుస్తోంది. చివరి నెలసరి జనవరి 1న మొదలైతే డ్యూ డేట్ అదే ఏడాది అక్టోబర్ 8. లెక్క సులువే. కానీ అది ప్రతి స్త్రీకీ 28 రోజులకోసారి నెలసరి వస్తుందనీ, 14వ రోజున అండం విడుదలవుతుందనీ అనుకుంటుంది. 35 రోజులకోసారి నెలసరి వచ్చే ఆవిడకు అండం ఇంచుమించు 21వ రోజున విడుదలవుతుంది. అంటే కాగితం మీద 41 వారాలు నిండిన రోజున ఆమె బిడ్డకు నిజంగా నిండింది 40 వారాలే. ఇక్కడ డేట్ దాటలేదు, డేటే తప్పు. నెలలు మీరాయని చెప్పే కేసుల్లో ఎక్కువగా కనబడే కారణం ఇదే.

ఈ తప్పును సరిదిద్దేది మొదటి మూడు నెలల్లో చేసే స్కాన్. అప్పుడు బిడ్డ పొడవును తల నుంచి పిరుదుల దాకా కొలుస్తారు. ఆ దశలో పిల్లలందరూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతారు కాబట్టి ఆ కొలతను బట్టి వేసే డేట్‌లో తేడా అయిదారు రోజులు, మహా అయితే వారం. నెలలు గడిచేకొద్దీ ఒక బిడ్డ బొద్దుగా, ఇంకో బిడ్డ సన్నగా పెరుగుతారు. అందుకే చివరి మూడు నెలల్లో స్కాన్ చూపించే వయసులో మూడు వారాల దాకా తేడా ఉండొచ్చు.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఒక్కో స్కాన్ రిపోర్టు ఒక్కో డేట్ వేస్తుంది. చివరి రిపోర్టులో బిడ్డ 38 వారాల సైజులో ఉందని కనబడగానే "హమ్మయ్య, ఇంకా రెండు వారాలు టైముంది" అనుకుంటారు. మొదటి స్కాన్ ప్రకారం 40 వారాలు నిండిన బిడ్డ 38 వారాల సైజులో ఉందంటే టైము మిగిలిందని కాదు, బిడ్డ ఎదుగుదల వెనకబడి ఉండొచ్చని. అలాంటప్పుడు ఆగడం కాదు, ఇంకా తొందరగా చూపించుకోవాలి. మొదటి స్కాన్‌తో ఒకసారి ఖాయం చేసిన డేట్‌ను తర్వాతి స్కాన్‌లను బట్టి మార్చకూడదు. ఐవీఎఫ్ ద్వారా నిలిచిన గర్భానికైతే ఈ గొడవే లేదు, పిండాన్ని గర్భసంచిలోకి పంపిన రోజు నుంచే లెక్క కట్టేస్తారు.

కాబట్టి డేట్ దాటగానే డాక్టర్‌ని మొట్టమొదట అడగాల్సింది "నా డేట్ దేన్నిబట్టి వేశారు?" అని. మొదటి మూడు నెలల స్కానా, నెలసరి తారీఖా, ఆలస్యంగా చేయించిన స్కానా? ఇక ముందు వచ్చే ప్రతి నిర్ణయమూ ఈ జవాబు మీదే నిలబడుతుంది.

నెలలు నిండాక కూడా ఒక్కో వారానికి డాక్టర్లు ఒక్కో పేరు పెట్టుకున్నారు. 39 వారాల నుంచి 40 వారాల 6 రోజుల దాకా పూర్తిగా నిండినట్టు. 41వ వారం నిండిన రోజు నుంచి మరో ఆరు రోజులు ఆలస్యపు దశ. 42 వారాలు నిండితేనే అసలైన అర్థంలో నెలలు మీరినట్టు. అంటే డ్యూ డేట్ దాటి మూడో రోజున మీరున్నది ఇంకా మామూలు కాలంలోనే.

డేట్ సరైనదే అయినా కొందరికి నొప్పులు ఆలస్యంగా ఎందుకొస్తాయి? కచ్చితమైన కారణం చాలాసార్లు తేలదు. తొలి కాన్పయినా, ముందు కాన్పూ ఆలస్యమైనా, తల్లికో అక్కచెల్లెళ్లకో అలాగే జరిగినా, బరువు బాగా ఎక్కువున్నా అవకాశం పెరుగుతుంది. కడుపులో ఉన్నది మగబిడ్డయినా కొంచెం పెరుగుతుంది. ఇందులో ఏదీ ఎవరి తప్పూ కాదు. "సరిగ్గా నడవలేదు, అందుకే" అనే వాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు.

లోపల ఏం మారుతుంది?

బిడ్డకు ఆక్సిజన్, ఆహారం అందించేది మాయ. నెలలు మీరేకొద్దీ కొందరిలో దాని పనితనం తగ్గుతుంది. కొందరిలో అనే మాట ముఖ్యం. చాలామందిలో అది 41వ వారం దాటినా బాగానే పనిచేస్తుంది, బిడ్డ పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు సమస్య ఇంకో వైపు నుంచి వస్తుంది. బిడ్డ మరీ పెద్దదైతే కాన్పు కష్టమవుతుంది, తల బయటికి వచ్చాక భుజాలు ఇరుక్కునే ప్రమాదం ఉంటుంది. మాయ పనితనం తగ్గితే మాత్రం ఉమ్మనీరు తగ్గడం మొదలవుతుంది. ఉమ్మనీరు తగ్గితే నొప్పుల సమయంలో బొడ్డుతాడు నొక్కుకుపోయి బిడ్డ గుండె వేగం పడిపోవచ్చు. కడుపులోనే బిడ్డ మోషన్ పోవడం కూడా ఈ వారాల్లో ఎక్కువ. మోషన్ కలిసిన ఉమ్మనీరు బిడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే పుట్టగానే శ్వాస ఇబ్బంది రావచ్చు. అలాగని మోషన్ పోయిన ప్రతి బిడ్డకూ ప్రమాదమేమీ లేదు, పేగులు ముదిరిన బిడ్డకు అది మామూలుగా కూడా జరుగుతుంది.

అందరి మనసులోనూ ఉండి, పైకి అడగలేని భయం బిడ్డ కడుపులోనే చనిపోతుందేమోనని. దీన్ని అంకెల్లో చూడటమే మంచిది. కోటిన్నర గర్భాల సమాచారాన్ని కలిపి చూసిన ఒక పరిశీలన 2019లో వచ్చింది. దాని ప్రకారం అలాంటి మరణాలు 37 వారాల దగ్గర వెయ్యికి 0.11 ఉంటే, 42 వారాల దగ్గర వెయ్యికి 3.18. దీన్నే "ప్రమాదం దాదాపు ముప్ఫై రెట్లు" అని చెప్పొచ్చు. "42 వారాల దగ్గర కూడా వెయ్యిలో 996 మందికి పైగా ఏమీ కాదు" అనీ చెప్పొచ్చు. రెండూ ఒకే లెక్క. మొదటిదొక్కటే వింటే గుండె ఆగినంత పనవుతుంది, రెండోదొక్కటే వింటే చెకప్ మానేయాలనిపిస్తుంది. అదే పరిశీలనలో 40 వారాల నుంచి 41 దాకా ఆగితే అదనంగా జరిగే మరణం ప్రతి 1,449 మందికి ఒకటి. అంటే డేట్ దాటిన మొదటి వారంలో పెరిగేది చాలా కొంచెం. 41 దాటాక పెరుగుదల వేగం అందుకుంటుంది. డాక్టర్లు 41వ వారం దగ్గరే గీత గీయడానికి కారణం ఇదే.

పైన చెప్పినవన్నీ వేరే ఇబ్బందులు లేని గర్భాల గురించి. బీపీ, షుగర్, కవలలు, బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉండటం లాంటివి ఉంటే డేట్ దాకా కూడా ఆగనివ్వకపోవచ్చు. వాళ్లకు ఈ లెక్కలు వర్తించవు.

డేట్ దాటిన వారంలో చెకప్‌లు

40 వారాల తర్వాత పిలుపులు దగ్గరపడతాయి. 41 దగ్గరకొచ్చేసరికి వారానికి రెండుసార్లు రమ్మనడం మామూలు. పొట్ట మీద బెల్టు కట్టి బిడ్డ గుండె వేగాన్ని ఒక ఇరవై నిమిషాలు గీతల్లా తీసే పరీక్షను ఎన్ఎస్‌టీ అంటారు. బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం పెరిగితే బాగున్నట్టే. గీత అంత బాగా రాకపోతే కంగారు పడనక్కర్లేదు. చాలాసార్లు బిడ్డ నిద్రలో ఉంటుంది, మరో ఇరవై నిమిషాలు పొడిగించి చూస్తారు. రెండోది ఉమ్మనీటి కొలత. నీరు అన్నిటికన్నా లోతుగా ఉన్నచోట కనీసం 2 సెంటీమీటర్లు ఉండాలి. నాలుగు చోట్ల కొలిచి కలిపే పద్ధతీ ఉంది, అందులో 5 సెంటీమీటర్లకు తగ్గితే తక్కువ అంటారు. నాలుగు చోట్ల కొలిస్తే "నీరు తక్కువ" అని తేలే వాళ్ల సంఖ్య పెరుగుతుంది, దానివల్ల పిల్లలకు అదనంగా ఒరిగిన మేలేమీ మాత్రం అధ్యయనాల్లో కనబడలేదు. నీరు తగ్గిందన్న మాట వినగానే ఎలా కొలిచారని అడగడంలో తప్పులేదు.

రిపోర్టులో "ప్లాసెంటా గ్రేడ్ 3" అని చూసి రాత్రంతా నిద్రపోని వాళ్లు ఉన్నారు. నెలలు నిండిన మాయ స్కాన్‌లో అలా కనబడటం మామూలే. గుండె గీత, నీరు, ఎదుగుదల బాగున్నప్పుడు ఆ ఒక్క మాటకు విలువ లేదు. బొడ్డుతాడు మెడకు చుట్టుకుందన్నదీ అంతే. నెలలు నిండి పుట్టే పిల్లల్లో ఇంచుమించు నలుగురిలో ఒకరికి అది ఉంటుంది, ఎక్కువమంది మామూలుగానే పుడతారు.

ఈ పరీక్షలన్నిటికన్నా పైన మీ చేతిలో ఉన్నది బిడ్డ కదలిక. "కాన్పు దగ్గరపడితే బిడ్డ కదలడం తగ్గిస్తుంది" అన్న మాట ఎంత ప్రచారంలో ఉందో అంత తప్పు. చోటు తక్కువై కదిలే తీరు మారొచ్చు, తన్నులు పోయి దొర్లుతున్నట్టు అనిపించొచ్చు. కానీ ఎన్నిసార్లు అన్నది తగ్గకూడదు. ఇన్ని కదలికలు ఉండి తీరాలని ఒక అంకె పెట్టుకోవడం కన్నా, మీ బిడ్డ రోజూ ఎప్పుడు ఎలా కదులుతుందో అది మారిందా అని చూడటం మేలు. తగ్గినట్టు అనిపిస్తే రేపటి చెకప్ దాకా ఆగొద్దు. నిన్న ఎన్ఎస్‌టీ బాగుందని కూడా ధీమాగా కూర్చోవద్దు, ఆ గీత చెప్పేది నిన్నటి సంగతే. రక్తం పోయినా, నీరు పోయినా, ముఖ్యంగా ఆ నీరు పచ్చగానో గోధుమ రంగులోనో ఉన్నా, తలనొప్పితో చూపు మసకబారినా వేళ చూసుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆగాలా, నొప్పులు తెప్పించాలా?

ఈ ప్రశ్నకు ఇరవై ఏళ్ల కిందటికన్నా ఇప్పుడు స్పష్టమైన జవాబుంది. స్వీడన్‌లో 2,760 మందిని రెండు గుంపులుగా చేసి, సగం మందికి 41 వారాలకు నొప్పులు తెప్పించారు, సగం మందిని 42 దాకా ఆగనిచ్చారు. ఆగిన గుంపులో ఆరుగురు బిడ్డలు చనిపోయారు, మొదటి గుంపులో ఒక్కరూ పోలేదు. ఇక కొనసాగించడం న్యాయం కాదని అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. 2020లో 34 అధ్యయనాలను, 21 వేలకు పైగా స్త్రీల వివరాలను కలిపి చూసిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ) సమీక్షా అదే దారిలో వచ్చింది. ఆ లెక్కన ఒక బిడ్డను కాపాడటానికి 544 మందికి నొప్పులు తెప్పించాల్సి వస్తుంది. ఆ అంకె కొందరికి పెద్దగా అనిపిస్తుంది, కొందరికి చిన్నగా. ఎలా అనిపించినా అది మీ ఇష్టమే, దబాయించి ఒప్పించే విషయం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, 41 వారాలు నిండాయని కచ్చితంగా తెలిసిన వాళ్లకు నొప్పులు తెప్పించమంటుంది. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 41వ వారంలో ఆలోచించవచ్చనీ, 42 నిండాక మాత్రం చేయాలనీ అంటుంది. నా మటుకు నాకు, మొదటి స్కాన్ డేట్ గట్టిగా ఉండి, అది తొలి కాన్పు కూడా అయితే, 41 దాటి ఆగడానికి మంచి కారణం కనబడదు. ఎందుకంటే ఈ తేడా ఎక్కువగా కనబడింది తొలి కాన్పు వాళ్లలోనే. 40 వారాల 2 రోజులకే, ఏ ఇబ్బందీ లేకుండా "డేట్ దాటింది కదా, సిజేరియన్ చేసేద్దాం" అన్నారంటే మాత్రం కారణం ఏమిటో విడమర్చి చెప్పమని అడగాలి. డేట్ దాటడం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. డేట్ దాటితే ముందు వచ్చే ప్రశ్న నొప్పులు తెప్పించాలా వద్దా అన్నదే.

"నొప్పుల ఇంజెక్షన్ ఇస్తే చివరికి ఆపరేషనే అవుతుంది" అని గట్టిగా నమ్మేవాళ్లు చాలామంది. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. నొప్పులు తెప్పించిన వాళ్లను, వాటంతటవే నొప్పులు వచ్చిన వాళ్లతో పోలిస్తే మొదటి గుంపులో సిజేరియన్లు ఎక్కువగానే కనబడతాయి. కానీ ఆ పోలికే సరికాదు. ఇవాళ నొప్పులు తెప్పించుకోవడం వద్దనుకున్నంత మాత్రాన అవి రేపు వాటంతటవే వస్తాయన్న హామీ లేదు. వారం ఆగాక నీరు తగ్గొచ్చు, బిడ్డ ఇంకా పెద్దదవ్వొచ్చు, అప్పుడూ తెప్పించాల్సే రావచ్చు. పోల్చాల్సింది తెప్పించుకున్న వాళ్లను, ఆ రోజున ఆగుదామనుకున్న వాళ్లతో. అలా పోల్చినప్పుడు సిజేరియన్లు పెరగలేదు, కొంచెం తగ్గాయి కూడా. 2018లో అమెరికాలో తొలి కాన్పుకు వచ్చిన ఆరు వేల మందికి పైగా స్త్రీల మీద 39వ వారంలోనే ఇలా చేసి చూశారు. తెప్పించిన గుంపులో సిజేరియన్లు 18.6 శాతం, ఆగిన గుంపులో 22.2 శాతం.

నొప్పులు తెప్పించడం అంటే

ఒక ఇంజెక్షన్ ఇస్తారు, రెండు గంటల్లో కాన్పయిపోతుంది అనుకుని వెళ్తే బాగా నిరాశ పడతారు. తొలి కాన్పయి, గర్భసంచి ముఖద్వారం ఇంకా గట్టిగా మూసుకుని ఉంటే ఒక రోజంతా పట్టొచ్చు, రెండు రోజులూ పట్టొచ్చు. ఈ ఒక్క సంగతి ముందే చెబితే లేబర్ రూమ్ బయట సగం టెన్షన్ తగ్గుతుంది.

ముందు చేసేది చేత్తో పరీక్ష. ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, మెత్తగా ఉందా, ఏ వైపు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది అని చూసి మార్కులు వేస్తారు. 1964లో ఎడ్వర్డ్ బిషప్ అనే వైద్యుడు ప్రతిపాదించిన ఈ లెక్కలో మొత్తం 13 మార్కులు. 8 దాటితే నొప్పులు తేలిగ్గా అందుకుంటాయి, 6 లోపు అయితే ముందు ముఖద్వారాన్ని మెత్తబరచాలి. మీ మార్కులు ఎన్నో అడిగి తెలుసుకోండి. ఎంతసేపు పట్టొచ్చో దాన్నిబట్టి ఒక అంచనా వస్తుంది.

దీనికన్నా ముందు, చెకప్‌లోనే డాక్టర్ వేలితో ఉమ్మనీటి పొరను ముఖద్వారం చుట్టూ కొద్దిగా వదులు చేస్తానని అడగొచ్చు. కాసేపు ఇబ్బందిగా, నొప్పిగా ఉంటుంది, తర్వాత కొంచెం రక్తపు మరక కనబడొచ్చు. కొందరికి ఆ ఒక్కదానితోనే రెండు మూడు రోజుల్లో నొప్పులు మొదలవుతాయి. మీకు చెప్పకుండా, మీరు సరేననకుండా చేయాల్సిన పని మాత్రం కాదు.

మెత్తబరచడానికి జెల్ పెడతారు, లేదా మిసోప్రోస్టాల్ అనే మాత్రను చాలా చిన్న మోతాదులో, 25 మైక్రోగ్రాముల చొప్పున, విడతలుగా ఇస్తారు. మందు వద్దనుకుంటే చిన్న బెలూన్ ఉన్న గొట్టాన్ని ముఖద్వారం లోపలికి పంపి సెలైన్ నీళ్లతో ఉబ్బిస్తారు. ఆ ఒత్తిడికి ముఖద్వారం మెల్లగా తెరుచుకుంటుంది. తర్వాత ఉమ్మనీటి సంచిని పగలగొట్టడం, ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టడం. అందరూ "నొప్పుల ఇంజెక్షన్" అనేది ఈ డ్రిప్‌నే. చుక్కలు లెక్కపెట్టి మెల్లగా పెంచుతారు. మందుకు గర్భసంచి మరీ ఎక్కువగా స్పందించి పది నిమిషాల్లో అయిదుకు మించి నొప్పులు వస్తే బిడ్డకు ఊపిరి సలపదు, వెంటనే మందు తగ్గించాలి లేదా ఆపాలి. అందుకే బిడ్డ గుండె చప్పుడును వదలకుండా చూస్తూ, అవసరమైతే ఆపరేషన్‌కు వీలున్న చోటే ఇది చేయాలి. ఇంటి దగ్గర ఎవరో వచ్చి ఇంజెక్షన్ చేసిపోయే పని కాదు. ముందు సిజేరియన్ అయిన వాళ్లకు మిసోప్రోస్టాల్ వాడకూడదు, పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది. వాళ్ల విషయం ముందే విడిగా మాట్లాడుకోవాలి.

ఇలా వచ్చే నొప్పులు కొందరికి ఎక్కువ తీవ్రంగా అనిపిస్తాయి. నొప్పి తెలియకుండా నడుము దగ్గర ఇచ్చే మత్తుమందు, ఎపిడ్యూరల్, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఇక "ఇండక్షన్ (నొప్పులు తెప్పించడం) ఫెయిలయింది" అన్న మాట తొందరపడి అనకూడనిది. బిడ్డా తల్లీ బాగున్నప్పుడు, నీరు పోయి డ్రిప్ మొదలయ్యాక కనీసం 12 నుంచి 18 గంటలు చూడమని వైద్య సూచనలు చెబుతున్నాయి.

ఇంట్లో చేసే ప్రయత్నాల గురించి రెండు మాటలు. ఆముదం తాగితే ముందు వచ్చేవి విరేచనాలు, నీరసం. నొప్పులు వస్తాయన్నది నమ్మకంగా చెప్పలేం. నడక మంచిదే, కానీ దానితో నొప్పులు మొదలవుతాయనుకుని అలసిపోయేదాకా నడిస్తే కాన్పుకు కావాల్సిన ఓపిక కాస్తా పోతుంది. నిద్ర పట్టినంతసేపు పడుకోవడమే ఆ రోజుల్లో తెలివైన పని.

ఆలస్యంగా పుట్టిన బిడ్డ చూడటానికి కొంచెం వేరుగా ఉండొచ్చు. చర్మం పొడిబారి, అరచేతుల్లో, పాదాల్లో పొరలుగా ఊడుతూ ఉంటుంది. గోళ్లు పొడుగ్గా, జుట్టు ఒత్తుగా, ఒంటి మీద తెల్లటి వెన్నలాంటి పూత దాదాపు లేకుండా ఉంటుంది. చర్మం ఊడటం కొన్ని రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, లాగి తీయకూడదు. లోపల పోషణ తగ్గి సన్నబడిన బిడ్డకైనా, మరీ పెద్దగా పుట్టిన బిడ్డకైనా మొదటి రోజు రక్తంలో చక్కెర పడిపోవచ్చు. అందుకే మడమ దగ్గర చిన్నగా గుచ్చి ఒకటి రెండుసార్లు పరీక్ష చేస్తారు, పుట్టిన గంటలోపే పాలు పట్టించమంటారు.